నొప్పి ఎక్కడుందో వెతికిన మేడం

మంజుల మేడం పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను వాకిట్లో కూర్చుని, రాయదుర్గం నుంచి వచ్చిన జీన్సు ప్యాంట్లకు మిగిలిన దారాలు కూలికి కత్తిరిస్తున్నాను. మంజుల నా కూతురు. మేడం మా ఇంటికి వచ్చేది మంజుల కోసమే కాబట్టి ఊళ్లో అందరికీ ఆమె మంజుల మేడమే. "ఆస్పత్రిలోనే పోయినారంట అక్కా," అంది బడిలో ఆయా. ఏడుపు వెంటనే రాలేదు. ముందు కోపం వచ్చింది. జబ్బు తగ్గితే వస్తానని నాతో అన్న మనిషి! ఇంక నేనెవరిని పిలిచేది?

మంజులకు మాటలు రావు. ఆకలైనా, భయమైనా, కడుపు నొప్పైనా దానికి తెలిసింది ఒకటే, చెయ్యి కొరుక్కోవడం. బడికి పోలేని ఇలాంటి పిల్లల ఇళ్లకే వెళ్లి నేర్పే టీచరు మేడం. ప్రతి శుక్రవారం వచ్చేది. స్కూటీ దిగి హెల్మెట్ తీయకముందే, "మీ ఊరి దుమ్మంతా తాగుతా వచ్చినా, కొంచెం నీళ్లియ్యమ్మా," అని కేకేసేది. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు, మంజుల పక్కన బండ మీదే కూర్చునేది. పిల్ల ఏం నేర్చుకుందని ఎప్పుడూ ముందు అడగలేదు. "ఈ వారం ఇంట్లో ఏం మారింది?" అనే అడిగేది. మంచం జరిపినా, సబ్బు మార్చినా ఆమెకు చెప్పాలి. మొదట్లో నాకు విసుగొచ్చేది, ఈమెకు మా ఇంటి సబ్బుతో ఏం పని అని.

ముందటేడు పీర్ల పండగప్పుడు ఆ పని ఏమిటో తెలిసింది. ఊళ్లో పీర్లు లేచాయి, తప్పెట్లు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే మంజుల తల అటూ ఇటూ విదిలించడం, మూలగడం, గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. పట్టుకోబోతే నన్నే కొరికింది. మా అత్త చూసి రెండు చేతులూ జోడించింది. "పీరు వచ్చినాడే పిల్ల మీదికి!" అంది.

అంతే, ఊరంతా మా వాకిట్లోనే. చక్కెర తెచ్చారు, పూలదండ వేశారు. విత్తే అదను దాటిపోతున్నా చినుకు లేదు, చెనిక్కాయ విత్తనాలు ఇళ్లలోనే ఉన్నాయి. "వాన యాడికి పోయింది సామీ? ఎప్పుడు పంపిస్తావ్?" అని పెద్ద పెద్ద రైతులు నా కూతురి ముందు వంగి అడిగారు. అబద్ధమెందుకు, నాకు ఒళ్లు పొంగిపోయింది. పుట్టినప్పటి నుంచి పిచ్చిపిల్ల అన్న నోళ్లే సామీ అంటున్నాయి. ఏ అమ్మకైనా చేదా అది? కానీ జనం వెళ్లిపోయాక మంజుల ఏడ్చే ఏడుపు చూడలేక మేడంకు ఫోన్ చేశాను.

ఆమె వచ్చి, తప్పెట్ల మోత పడలేదేమో, పండగ చివర నిప్పుల గుండం తొక్కేది అయ్యేదాకా వేరే ఊళ్లో ఉంచమంది. మా అక్క ఊరికి తీసుకుపోయాను. అక్కడ ఏ మోతా లేదు, అయినా పిల్ల తల విదిలించడం ఆగలేదు. తిరిగొచ్చి చెప్తే మేడం తలపట్టుకుంది. "నేను తొందరపడినానమ్మా. తప్పెట్లు, పిల్ల బాధ ఒకే దినం మొదలైనాయని దానివల్లే ఇది అనుకుంటిమి. మల్లా మొదట్నుంచి చూద్దాం."

ఈసారి ఆమె ఏమీ అడగలేదు. పొద్దుటి నుంచి మంజులనే చూస్తూ కూర్చుంది. వేయించిన చెనిక్కాయలంటే ప్రాణం ఇచ్చే పిల్ల వాటిని ముట్టలేదు. సంగటి ముద్ద నోట్లో ఒక పక్కనే పెట్టుకుని మింగింది. తర్వాత లేచిపోయి నీళ్ల కడవకు చెంప ఆనించి నిలబడింది. మేడం నా మోచెయ్యి గిల్లింది. "పీరు వచ్చినోళ్లు కడవకు చెంప ఆనిస్తారా?"

నోరు తెరిపించడం అంత సులువు కాలేదు. మేడం ముందు తన నోరు తెరిచి ఫోన్ లైటు వేసి చూపించింది. తర్వాత నాది. తర్వాత మా అత్తది. అత్త బోసినోరు చూసి మంజుల కిలకిలా నవ్వి, తనూ తెరిచింది. లోపల దవడ పన్నుకు పెద్ద పుచ్చు, చుట్టూ చిగుళ్లు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి.

"సామి వచ్చిన పిల్లకు పన్ను పీకిచ్చేదేందమ్మా? ఊరు ఊరుకుంటాదా?" అని మా అత్త అడ్డం పడింది.

"నేను పీరును కాదంటానా పెద్దమ్మా? ఆయన రావాలనుకుంటే మల్లా వస్తాడు. ఈ నొప్పి మాత్రం పిల్లదే గదా," అంది మేడం. ఆమె కసిరి ఉంటే అత్త మొండికేసేది. అలా అనేసరికి తానే వచ్చి మమ్మల్ని ఆస్పత్రికి పోయే బస్సు ఎక్కించింది.

బస్సులో మేడం నా ముఖం చూసి, "ఏమ్మా, బాధగుండాదా?" అంది.

"ఊరు మల్లా పాతమాదిరే చూస్తాది గదా మేడం."

మేడం కిటికీలోంచి బీడు చేల వైపు చూసింది. "చూస్తాదేమో. అట్ల చూడొద్దని ఇద్దరం కొట్లాడుదాంలే," అంది. ఆ ఇద్దరంలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే.

పన్ను తీయించాక పిల్ల కుదుటపడింది. దండలు ఆగిపోయాయి. వాన ఆ ఏడు కూడా సరిగా పడలేదు. కానీ మంజులకు ఒక కొత్త అలవాటు వచ్చింది. మేడం రాగానే ఎదురుగా నిలబడి నోరు ఇంత తెరిచేది. ఎక్కడ ఏ నొప్పి ఉన్నా ఆమె లోపలికి చూసి కనిపెడుతుందని అనుకుందో ఏమో! మేడం ప్రతిసారీ లైటు వేసి, నిదానంగా చూసి, "పళ్లన్నీ బాగుండాయి తల్లీ," అనేది. ఆ మాట వింటేనే మూసేది.

ఆమె రావడం ఆగినప్పటి నుంచి మంజుల మళ్లీ చెయ్యి కొరుక్కుంటోంది, ముద్ద మింగడం లేదు. ఆమె నేర్పినట్లే అన్నీ వెతికాను. చెవులు చూశాను, కడుపు నొక్కి చూశాను, గౌను కుట్లు లోపల గుచ్చుకుంటున్నాయేమోనని తిప్పి చూశాను. ఇంట్లో ఏం మారిందో నాకు తెలుసు. దానికి పిల్లను ఏ డాక్టరు దగ్గరికి తీసుకుపోను?

ఈ శుక్రవారం దారాలు కత్తిరిస్తుంటే మంజుల వచ్చి నా ముందు నిలబడి నోరు తెరిచింది. కత్తెర పక్కన పెట్టి, ఫోన్ లైటు వేసి నిదానంగా చూశాను. ఏమీ లేదు. మేడం అన్నట్లే మెల్లగా, "పళ్లన్నీ బాగుండాయి తల్లీ," అన్నాను. మంజుల నోరు మూయలేదు. నా భుజం మీదుగా దారి వైపు చూస్తూ అట్లాగే నిలబడింది.