గంజి పెట్టిన ఓడరేవు

మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినదాన్ని. నూలుకు గంజి, చీరకు గంజి, చిరిగిన పంచాంగానికి గంజి. గంజితో నిలబడని వస్తువు లోకంలో లేదని నా నమ్మకం. నేను బడికి పోలేదు. మగ్గం గుంట పక్కన కూర్చోబెట్టి మా బాపు నేర్పిన అక్షరాలే నా చదువు. గంజి పెట్టకూడనివి కూడా కొన్ని ఉంటాయన్న పాఠం అందులో రాలేదు.

పెళ్లయి సుల్తానాబాద్ వచ్చాక మా గోడకు ఆనుకున్న ఇంట్లో ఒక పెద్దావిడ ఉండేది. భర్త పోయాడు. కొడుకు ఉట్నూర్‌లో జీపు నడిపేవాడు. వాళ్ల ఉర్దూలో పిన్నిని ఖాలా అంటారు, నేను ఆమెను ఖాలమ్మ అని పిలిచేదాన్ని. నా తొలికాన్పుకు నన్ను కన్న అవ్వ చొప్పదండి నుంచి వచ్చేలోపే వచ్చి నా చెయ్యి పట్టుకున్న మనిషి. ఆ మేలుకు బదులు ఏం చేయాలా అని ఎన్నాళ్లుగానో వెతుక్కుంటున్నాను.

ఒక వానాకాలం బావి దగ్గర జారి నా కాలు బెణికింది. ఖాలమ్మ ఒక రేకు పెట్టె తెచ్చి మంచం మీద పెట్టింది. నిండా పలుచని చెక్కముక్కలు, వాటి మీద అంటించిన రంగుల కాగితం. ఒకదానిలో ఒకటి సరిగ్గా ఇరికిస్తూ పోతే సగం మంచమంత ఓడరేవు బొమ్మ అవుతుంది. ఇప్పటి పిల్లలు జిగ్సా పజిల్ అంటున్నారు. ఆమె భర్త ఎప్పుడో బొంబాయి నుంచి తెచ్చాడట. కాలు బాగయ్యేదాకా పెట్టుకోమంది.

పాత తలుపు రెక్క మీద ముక్కలు పరిచి మొదలుపెట్టాను. సముద్రం ఎన్నడూ చూసినదాన్ని కాను. రెండు రోజులు ఆకాశాన్ని నీళ్లనుకుని కింద పేర్చాను. కాలు మూడు వారాల్లో నయమైంది, ఓడరేవుకు మాత్రం బతుకమ్మ దాకా పట్టింది. పని పడ్డప్పుడల్లా తలుపు రెక్కను మంచం కిందికి తోసేదాన్ని.

పూర్తయిన రోజు దేవుడి దగ్గర దీపం పెడుతుంటే ఆలోచన వచ్చింది. ఇంత కష్టపడ్డది మళ్లీ పెట్టెలో ముక్కలుగా పోసి ఇవ్వడమేమిటి? గోడకు వేలాడే పటం చేసి ఇస్తే ఆమె కళ్లెంత చల్లబడతాయి! వేములవాడ రాజన్న దేవుడే ఆ బుద్ధి పుట్టించాడనుకున్నాను. పాపం, ఆయన మీద ఎన్నెన్ని వేస్తామో.

బొమ్మ మీద ఇంకో పలక కప్పి, తాడుతో కట్టి, మా ఆయనా నేనూ చెరో పక్క పట్టుకుని బోర్లించాం.

"ఆమె అడిగిందా నిన్ను?" అన్నాడు ఆయన.

"అడిగినంక చేస్తే అది మేలెట్లయితది?" అన్నాను.

వెనకవైపు చిక్కని గంజి పూసి బాపు నేసిన ముతక గుడ్డ అంటించాను. ఆరాక ఊపి చూస్తే ఒక్క ముక్క కదల్లేదు. చుట్టూ చెక్కపట్టీలు కొట్టించి తీసుకుపోయాను. ఖాలమ్మ చాలాసేపు చూసి, మంచిగుంది బిడ్డా అంది. ఆ తర్వాత నేను వాళ్లింటికి పోయినప్పుడల్లా ముందు పటాన్ని చూసి, తర్వాత ఆమెను పలకరించేదాన్ని.

చలి తగ్గుతుండగా రంజాన్ వచ్చింది. ఒక మధ్యాహ్నం ఖర్జూరాలు ఇద్దామని పోయాను. ఖాలమ్మ ఖాళీ రేకు పెట్టె ఒడిలో పెట్టుకుని, గోడ మీది బొమ్మలో ముక్కల అతుకుల వెంట వేలు జరుపుతోంది. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. ప్రతి రంజాన్‌కూ మధ్యాహ్నపు నమాజు అయ్యాక, ఆకలీ దప్పికా బాగా తెలిసే వేళ, మొగుడూ పెళ్లాం కూర్చుని ఆ ముక్కలు కలిపేవారట. పండుగ నాడు విడదీసి పెట్టెలో పోసేవారట. ఆయన పోయాక కూడా ఒక్క ఏడూ మానలేదు.

"మరి నాకెందుకు చెప్పలే ఖాలమ్మా?"

"గంత ఖుషీతోని తెస్తివి. ఏమని చెప్పాలె?"

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన నా కంచంలో అన్నం పెట్టి ముందుకు జరిపాడు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున గుర్తొచ్చింది. గంజి పెట్టిన బట్టను నీళ్లలో తడిపితే గంజి వదులుతుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే, కానీ పెట్టేటప్పుడున్న ఉత్సాహం తీసే సంగతిని మరిపిస్తుంది. పాత తలుపు రెక్క పట్టుకుని ఖాలమ్మ ఇంటికి పోయాను. పటం విప్పి, దాని మీద బోర్లించి, తడిగుడ్డలు కప్పి, సాయంత్రపు నమాజు దాకా ఆమే నేనూ కాపలా కూర్చున్నాం. తర్వాత పాల మీద మీగడ తీసినంత మెల్లగా గుడ్డ లాగాను. ముక్కలు విడివడ్డాయి. పదకొండింటికి మాత్రం తడి ఎక్కువై రంగు కాగితం ఊడింది. అన్నీ ఆకాశానివే.

నేను లేచి, ఇంట్లో నీలిమందు ఉంది, కలిపి పూస్తానన్నాను. ఖాలమ్మ నా కొంగు పట్టుకుంది.

"వద్దు బిడ్డా. జర కూసో. ఇగ నువ్వేం బాగుచెయ్యకు."

కూర్చున్నాను.

"గీ బోడి ముక్కలు ముందుగాల దొరుకుతయి. ఆడికెల్లి మొదలువెడ్త" అని ఆమె వాటిని విడిగా పేర్చుకుంది.

పండుగ నాడు పిలిచింది. తలుపు రెక్క మీద ఓడరేవు మొత్తం ఉంది, ఆకాశంలో పదకొండు చెక్కముక్కలు బోసిగా. నువ్వే విడదియ్యమంది. దేవుడికి దండం పెట్టుకుని ఒక్కొక్క ముక్క తీసి పెట్టెలో వేశాను. పక్కన నాకని పెట్టిన సేమియాల షీర్‌ఖుర్మా గిన్నె చల్లారిపోతున్నా ఖాలమ్మ నన్ను తొందరపెట్టలేదు.