రెండో మెట్లదారి

సోమవారం పొద్దున్న సార్ వాళ్ళావిడ, మా ఆంటీ, ఫోన్ చేసి, "అమ్మాయ్, మీ సార్ వెళ్ళిపోయారు" అన్నారు. ఏడుపు రాలేదండీ. భయమేసింది. ముందురోజే ఆయనతో ఒక అబద్ధం చెప్పాను. ఇక ఒప్పుకుందామన్నా ఆయన లేరు.

మా సార్ ఆర్కిటెక్టు. మాది తెనాలి, ఆయనదీ అటువైపే. షికాగోలో ఇరవై ఆరేళ్ళు పెద్ద పెద్ద భవనాలు గీసి, "ఆ చలి ఇక నా వల్ల కాదు తల్లీ" అంటూ షార్జా వచ్చి చిన్న ఆఫీసు పెట్టుకున్నారు. షికాగో గొప్పలు చెబుతారని ఆయన దగ్గర పనిచేసే మేం చెవులు రిక్కించుకుని కూర్చుంటే, ఆయన చెప్పిందల్లా ఒక్క తలుపు గురించి. కొత్తలో ఒక భవనానికి మెట్లదారి గీసి, రెండోదాన్ని కంప్యూటర్లో కాపీ కొట్టి తిప్పి పెట్టారట. తలుపూ తిరగబడింది. తోస్తే తెరుచుకోవాల్సింది, లాగితే తప్ప రాదు. ఫైర్ డ్రిల్ రోజున జనమంతా వచ్చి దానిమీద పడ్డారు. ముందున్న పెద్దావిడ చెయ్యి విరిగింది. "నిజంగా పొగే ఉండుంటే?" అని అక్కడితో ఆపేసేవారు. ఆయన టీ అలాగే చల్లారిపోయేది.

అందుకే ఏ భవనం అప్పజెప్పేముందైనా, ఆయన మెట్లన్నీ కళ్ళు మూసుకుని, గోడకి అరచెయ్యి ఆనించి దిగేవారు. పొగలో కళ్ళు పనికిరావు కదా. "యల్లా, ముదీర్ సాబ్ కీ పూజా షురూ" అని, అంటే పదండి, పెద్దసారు పూజ మొదలైందని, ఫోర్‌మన్ నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్నిలెండి, పళ్ళికిలించడంలో ఎవరికీ తీసిపోను. కిందికొచ్చాక దుమ్ము అంటిన అరచెయ్యి చూపించి, "ఇదే నా రిపోర్టు" అనేవారు. మొదటిసారి సంతకం పెట్టడానికి నేను వణికితే, "భయం ఉన్నవాళ్ళే గీతలు గియ్యాలమ్మాయ్. ధైర్యవంతులు సర్కస్‌లో చేరాలి" అన్నారు.

ఈసారి అల్ ఖూజ్‌లో కార్మికుల వసతి భవనం. గీసింది నేనే. సార్ ఆసుపత్రిలో ఉన్నారు కాబట్టి దిగడమూ నా వంతే. ఒక మెట్లదారి దిగాను. మోకాళ్ళు పీకాయి. కాంట్రాక్టర్ పక్కనే "ఖలాస్, మేడమ్?" అని గొణుగుడు. రెండోది దీని కాపీయే కదా, తిప్పి పెట్టిందే కదా అనుకున్నాను. అలా అనుకున్నప్పుడైనా బుద్ధి ఉండొద్దూ నాకు! సాయంత్రం సార్ ఫోన్లో ఆయాసపడుతూ అడిగారు.

"రెండూ దిగావా? చెయ్యి మురికైందా అమ్మాయ్?"

"అయింది సార్."

"హమ్మయ్య" అన్నారు. నాతో అదే ఆఖరి మాట.

ఆంటీ ఫోన్ పెట్టేశాక, వాళ్ళింటికి వెళ్ళాల్సింది పోయి అల్ ఖూజ్ పరిగెత్తాను. మర్నాడే కార్మికులు అందులోకి మారుతున్నారు. గేటు దగ్గర అప్పటికే వాళ్ళ పరుపులు దించేశారు. అవి చూడగానే నా పైప్రాణాలు పైనే పోయాయి. పైకెళ్ళి, కళ్ళు మూసుకుని, గోడ పట్టుకుని రెండో మెట్లదారి దిగడం మొదలుపెట్టాను. సార్, ఇది సరిగ్గా ఉండేలా చూడండి సార్ అని మొక్కుకుంటూనే ఉన్నాను. ఆఖరి మెట్టు దిగి తలుపు తోశాను. కదల్లేదు. భుజంతో తోశాను. ఊహూ. పిడి పట్టుకుని లాగాను.

తలుపు లోపలికి, నా మీదికే వచ్చింది.

బయట ఫోర్‌మన్ ఉన్నాడు. "ఎవర్నీ లోపలికి రానివ్వకు. తలుపు మార్చి పెట్టేదాకా నా సంతకం లేదు" అన్నాను. ఈసారి అతను నవ్వలేదు. పరుపుల దగ్గరికి వెళ్ళి, మళ్ళీ బండిలోకి ఎక్కించమని చెప్పాడు.

అప్పుడొచ్చింది ఏడుపు. కళ్ళు తుడుచుకుందామని చెయ్యెత్తితే, అరచెయ్యంతా గోడ దుమ్ము.

అయింది సార్. ఇప్పుడైంది.