మాస్టారి సొంత వాక్యం

చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా మాస్టారికి మరదలు ఫోన్ చేసింది.

"బావగారూ, పదకొండింటికి మీ తమ్ముణ్ణి ఆపరేషన్‌కి తీసుకెళ్తారట. గొంతులో ఆ భాగం తీసేస్తే ఇక మాట రాదంటున్నారు. మీతో మాట్లాడాలని పొద్దున్నుంచీ ఒకటే గోల. ఫోనివ్వనా?"

"క్లాసుంది కదమ్మా. అవగానే నేనే చేస్తాను."

అన్నదమ్ముల మధ్య మాటల్లేక ఏళ్ళయింది. తగువు ఆస్తి గురించి కూడా కాదు. ఓ పెళ్ళిలో భోజనాల దగ్గర తమ్ముడు, "మా అన్నయ్య ఇంగ్లీషు ఇంగ్లీషువాళ్ళకి తప్ప అందరికీ అర్థమవుతుంది" అన్నాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. మాస్టారు చెయ్యి కడుక్కుని వచ్చేశాడు. ఆ తర్వాత తమ్ముడు రెండుసార్లు ఇంటికొచ్చినా, లోపలే ఉండి లేనని చెప్పించాడు.

మందుల షాపు పైగదిలో ఆయన ఇంగ్లీషు ట్యూషన్. క్రియలకు వీ వన్, వీ టూ, వీ త్రీ అని మూడు రూపాలు నూరిపోసి నూరిపోసి, వీ త్రీ మాస్టారుగా స్థిరపడిపోయాడు. ఆయనకో పట్టింపుంది: మూడో రూపంతో చెప్పే వాక్యం ఎవరింట్లోంచి వాళ్ళు తేవాలి, అది నిజమై ఉండాలి. పుస్తకంలోది అప్పజెబితే మళ్ళీ నిలబెడతాడు.

ఆ రోజు మాట ఫర్‌గివెన్.

"ఫర్‌గేవ్ అంటే ఎప్పుడో క్షమించి ఊరుకున్నట్టు. ఐ హావ్ ఫర్‌గివెన్ అంటే క్షమించాను, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను అని. దీని పక్కన ఎస్టర్‌డే పెట్టకూడదు. నిన్న క్షమించి ఇవాళ దెప్పేవాళ్ళు దీని జోలికి రాకండి."

కుట్టుమిషన్ నడిపే ఆవిడ లేచింది. "ఐ హావ్ ఫర్‌గివెన్ మై మదర్ ఇన్ లా."

"నిజమేనా?"

"వారంలో నాలుగు రోజులు నిజమే సార్."

"అయితే చెల్లదు. ఇంకోటి ఆలోచించు."

పదింటికి వదలాల్సిన క్లాసు పదిన్నర దాటినా వదల్లేదు. ఒకసారి చెప్పినవాళ్ళనే మళ్ళీ లేపాడు. జేబులో ఫోన్ ఒకసారి మోగి ఆగిపోయింది.

"మమ్మల్నందర్నీ పిండేశారు. మీ ఇంట్లోంచి కూడా ఒకటి తియ్యండి సార్," అంది కుట్టుమిషన్ ఆవిడ.

మాస్టారు కాసేపు సుద్దముక్క నలిపి, బోర్డు మీద రాశాడు: ఐ హావ్ ఫర్‌గివెన్ మై బ్రదర్.

"ఆ సంగతి ఆయనకి తెలుసా సార్?" వెనక బెంచీ నుంచి ఆటో డ్రైవర్ అడిగాడు.

గదంతా నవ్వింది. మాస్టారు బోర్డు తుడవకుండానే మెట్ల మీదికొచ్చి ఫోన్ చేశాడు. పదకొండు దాటింది.

"ఇప్పుడే లోపలికి తీసుకెళ్ళారు బావగారూ. తలుపు దాకా ఫోన్ చేతిలోనే పట్టుకున్నారు. అన్నయ్య క్లాసు మధ్యలో ఆపడులే అన్నారు."

"ఇంకేమన్నా అన్నాడా?"

"ఆ రోజు నోరు జారాను, కోప్పడొద్దని చెప్పమన్నారు."

ఆటో డ్రైవర్ ఆస్పత్రి దగ్గర దింపాడు. సాయంత్రం లోపలికి వదిలారు. మెడ నిండా కట్టుతో తమ్ముడు చెయ్యి కొద్దిగా ఎత్తాడు. ఆ చెయ్యి పట్టుకుని, నర్సు వచ్చి టైమయిందనేదాకా మాస్టారొక్కడే మాట్లాడాడు.