జస్మేల్ కౌర్ కడుపులోని సైన్యం

జస్మేల్ కౌర్ పిండి తడిపిందంటే గురుద్వారాలో మూడొందలమందికి రొట్టెలు సిద్ధం. ముప్పై ఏళ్ళు చేసిందా సేవ. యాభై రెండో ఏట విరేచనాలతో చిక్కి సగమై మంచం పడితే, లూధియానా డాక్టరమ్మ తేల్చి చెప్పింది: గోధుమ పడదు, ఈ జన్మకిక పడదు. దేశదిమ్మరి మనిషిని ఒకచోట కూర్చోబెట్టి ఊరు కట్టించింది గోధుమే అంటారు చదువుకున్నవాళ్ళు. అంత పాత చుట్టం ఒక ఆడమనిషి పేగు మీద పగబట్టడమేమిటో అక్కడెవరికీ అర్థం కాలేదు.

ఆవిడ మాత్రం మానేసింది. మొదట్లో పొరపాట్లు జరిగాయి. మొక్కజొన్న రొట్టె విరిగిపోతుందని, అందరు ఆడవాళ్ళలాగే, ముద్దలో గుప్పెడు గోధుమపిండి కలిపేది. గుప్పెడేగా అనుకుంది. డాక్టరమ్మ అది పట్టుకుంది. ఆ తర్వాత మొక్కజొన్నని గోధుమలాడే మరకి పంపకుండా ఇంట్లోనే విసురుకుంది. గురుద్వారాలో గోధుమపిండితో చేసే ప్రసాదపు హల్వా దోసిట పట్టి, కళ్ళకద్దుకుని, పక్కావిడ చేతిలో పెట్టేసేది. పిండి వదిలి గిన్నెలు తోమేవాళ్ళ వరుసలో కూర్చుంది. ఏడాది తిరిగేసరికి ఒళ్ళు చేయలేదు సరికదా, ఇంకో తొమ్మిది కిలోలు తగ్గింది.

అప్పుడు పుట్టింది అనుమానం. మొగుడు నఛత్తర్ సింగ్ సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. పిండి డ్రమ్ముకి తాళం వేశాడు. ఆవిడ తింటుంటే ఎదురుగా పీట వాల్చుకుని ముద్దముద్దకీ కాపలా కాసేవాడు.

"నిజం చెప్పు భాగ్యవంతురాలా. రొట్టె ఎక్కడ తింటున్నావ్?"

"నీ మీసాల్లో దాచుకుని తింటున్నా. వెతుక్కో."

"ప్రసాదం పట్టిన చెయ్యి నోటిదాకా వెళ్ళిందని పక్కింటి జీతో కళ్ళారా చూసిందట."

"ఊరందరి పొయ్యిలూ కనిపిస్తాయి జీతోకి. తన పొయ్యి మీద పాలు పొంగితే కనిపించవు."

"అయితే గురుద్వారాలో ప్రమాణం చెయ్యి."

చెయ్యనంది. ముప్పై నాలుగేళ్ళు కాపురం చేసినవాడికి నా మాట చాలనప్పుడు ప్రమాణం మాత్రం ఏం చాలుతుంది అంది. నెలరోజులు ఇద్దరిమధ్యా మాటల్లేవు. రోగం కంటే అదే ఎక్కువ తినేసింది ఆవిణ్ణి.

వైశాఖి పండగకి ముందు, పేగులోంచి పరీక్షకని మళ్ళీ చిన్న ముక్క తీశారు. వారాలు గడిచాక, ఆవిణ్ణి అమ్మా అన్నట్టు 'బీజీ' అని పిలిచే లూధియానా డాక్టరమ్మ రేణు సూద్ ఇద్దరినీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

"బీజీ, ఇది మీ పేగు లోపలి గోడ. నిలువెత్తు పైరులా ఉండాలి. కోసేసిన మడిలా ఉంది చూశారా? గోడలో ఈ నల్లచుక్కలు కాపలా కణాలు. గోధుమ వస్తే శత్రువనుకుని కాల్చేవి."

"అదే, ఎక్కడో తింటోంది," అన్నాడు హవల్దారు.

"లేదు సర్దార్జీ. తింటుంటే రక్తమే చెప్పేది. గోధుమ మీద పుట్టే ప్రతిరక్షకాలు కొన్ని నెలలుగా సున్నా. ఆవిడ తినడంలేదు."

హవల్దారు మళ్ళీ ఆ నల్లచుక్కల వంక వేలు చూపించాడు.

"మరి ఎవరి మీద కాలుస్తున్నాయి?"

డాక్టరమ్మ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. ఒకదాంట్లో చుక్కలన్నీ ఇటుకరంగులో తేలాయి. రెండోదాంట్లో అక్కడొకటి ఇక్కడొకటి. "ఇవి సైనికులేనని మొదటి రంగు చెబుతోంది. రెండోది భుజం మీది బిళ్ళకి పట్టే రంగు. చాలావాటికి బిళ్ళ లేదు. తీసి పారేశాయి."

హవల్దారు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "హుకుం ఎవరిస్తున్నారు?"

"హుకుంతో పనిలేదిక. గోధుమ నేర్పింది, ఇప్పుడు గోధుమ లేకపోయినా పోరాడుతున్నాయి. ఎప్పుడో ఒక్క కణం దారి తప్పింది. చావడం మానేసి పిల్లల్ని కంటూ పోయింది. బిళ్ళ లేనివన్నీ దాని సంతానమే."

జస్మేల్ కౌర్ తెర మీద మెల్లగా వేలు ఆనించింది. "ఒక్కదాని పిల్లలా ఇంతమంది! ఇద్దర్ని కని నేను నడుం పట్టుకు కూర్చున్నాను. నా ఇంట్లో ఇంత సైన్యం తిరుగుతుంటే నాకు అడుగుల చప్పుడైనా వినిపించలేదే, బిడ్డా!"

"బీజీ, దాచను. కొందరిలో ఇవే క్యాన్సర్ గడ్డగా మారతాయి. మందుతో అణచి చూస్తాం, తరచూ పరీక్షిస్తాం. తగ్గుతుందని మాట ఇవ్వలేను."

ఆవిడ తలూపింది గాని చూపు తిప్పుకోలేదు. గుడిలో దీపాల వంక చూసే చూపది. హవల్దారు లేచి, అధికారి ముందు నిలబడ్డట్టు చేతులు బిగించాడు.

"నా రిపోర్టు తప్పు."

"కంప్యూటరుకి కాదు. ఇటు తిరిగి చెప్పు."

తిరిగి చెప్పాడు. "బస్సు దిగ్గానే జీతో గుమ్మానికి పోయి చెప్పొస్తాను."

"పో. మీసం జాగ్రత్త."

మర్నాడు పొద్దున్న డాక్టరమ్మ చెప్పినట్టే గొట్టం మాత్ర విప్పి, పొడిని నాలుక మీద వేసుకోబోయింది. అలవాటుకొద్దీ ఎదురుగా కూర్చున్న హవల్దారు చటుక్కున లేచాడు.

"ఎక్కడికి?"

"నువ్వు తింటుంటే ఇక చూడను."

"కూర్చో. ఇంత చేదు మింగేటప్పుడు తిట్టుకోడానికి ఎదురుగా ఒక మనిషుండాలి."