చింతగింజల నిచ్చెన

మొన్న రామన్నపేట ఆటో స్టాండులో ఇద్దరు యువకులు ట్యాబులు పట్టుకుని, బడి నుంచి వచ్చే పిల్లలను ఆపి సంతోషంగా ఉన్నావా, భయమేస్తుందా అని అడుగుతుంటే, నా చేతిలో చాయ్ చల్లారేలోపే ఎనిమిది మంది మనసులు లెక్కకెక్కాయి. మన ఈడు వాళ్లకు ఇది వింతగానే ఉంటుంది, మనల్నెవరూ అలా అడిగిన పాపాన పోలేదు కదా.

తెలంగాణ వచ్చిన కొత్తలో పట్నం నుంచి ఒక పరిశోధకురాలు వచ్చి, చుట్టుపక్కల ఊళ్లు తిరగడానికి నా ఆటోను నెల రోజులకు మాట్లాడుకుంది. తల్లిదండ్రులు వలసపోతే అవ్వల దగ్గర మిగిలిన పిల్లలు ఎలా ఉన్నారో తెలుసుకోవడం ఆమె పని. చార్టు మీద పది మెట్ల నిచ్చెన గీసి, పైమెట్టంటే బతుకు బాగున్నట్టు, కిందిమెట్టంటే అసలు బాగాలేనట్టు అని చెప్పి, ఒక్కో బిడ్డ చేతికి ఒక చింతగింజ ఇచ్చి, నువ్వెక్కడున్నావో అక్కడ పెట్టమనేది. మరునాటి నుంచి ఒక్కో బిడ్డతో విడిగా గంటసేపు కూర్చునేది. ఏడో తరగతిలో బడీ నేనూ ఒకరికొకరం నచ్చక విడిపోయినవాణ్ని కనుక, ఇంత చదివింది చింతగింజలాడుకోవడానికా అని ఆటోలో పడుకుని నవ్వుకునేవాణ్ని.

ఒక ఊళ్లో పిల్లలు నా చుట్టూ చేరి మేడం ఏమిస్తుందని అడిగారు. కాగితాలతో ఎవరొచ్చినా వెనకాల కార్డో, పింఛనో, గొర్రెలో వస్తాయని మనవైపు పసివాళ్లకు కూడా తెలుసు. నా నోరు ఊరుకోలేదు.

“కింది మెట్టు మీద పెట్టిండ్రనుకో, సైకిల్ వస్తది. మీద పెడితే ఏం రాదు!”

సాయంత్రానికి ఊరి గింజలన్నీ అట్టడుగునే ఉన్నాయి. తిరుగుదారిలో మేడం కళ్లు తుడుచుకుంటూ, “అన్నా, ఒక్క ఊర్ల ఇంతమంది పిల్లలు గింత బాధల ఉన్నరా?” అంది. చెప్పకపోతే నా తమాషా ఆమె పుస్తకంలో నిజమై కూర్చుంటుంది, చెబితే నా కిరాయి పోతుంది. చెప్పేశాను. ఆమె “రేపు వాళ్లకు నువ్వే చెప్పాలె” అంది, అంతే.

మరునాడు సైకిల్ లేదురా అని ఒప్పుకుంటే, “మరి నీ ఆటో ఇస్తవా మామా?” అన్నాడొక గడుగ్గాయి. గింజలు నవ్వుకుంటూ నాలుగుకూ ఐదుకూ ఎక్కాయి. పదకొండేళ్ల పిల్ల ఒకతె మాత్రం తన గింజను మళ్లీ కిందనే పెట్టింది. సైకిల్ రాదమ్మా అని మేడం చెబితే, “సైకిల్ కోసం పెట్టలే మేడం” అంది.

ఆ పిల్లే మమ్మల్ని ఇంటికి తీసుకుపోయింది. అమ్మానాయినలు బొంబాయి వైపు ఇళ్ల కట్టుబడి పనుల్లో ఉన్నారు, ఇంట్లో మోకాళ్లు పడిపోయిన అవ్వ, చిన్న తమ్ముడు. ఊరి బోరునీళ్లు ఫ్లోరైడు, తాగేవి ఫిల్టరు దగ్గర కొని తేవాలి, ఆ ఫిల్టరు తెరిచేది సరిగ్గా బడిగంట వేళకు. వరుసలో నిలబడి డబ్బా మోసుకొచ్చేసరికి హాజరు అయిపోయేది, ఆలస్యంగా పోవడానికి సిగ్గుపడి ఆ పిల్ల బడే మానేస్తోంది. చదువు విలువ గురించి మేడం చెప్పినదంతా అవ్వ శ్రద్ధగా విన్నది.

“మంచిగ చెప్పినవ్ బిడ్డా. మరి రేపు నీళ్లెవరు తెస్తరు?”

నేను ఖాళీ డబ్బా తీసి ఆటోలో పెట్టుకున్నాను. 

మర్నాటి నుంచి ఆ డబ్బా నా ఆటోలో వచ్చింది. మేడం తన కాగితాలతో వెళ్లిపోయాక కూడా ఏడాది దాకా తెచ్చాను. పిల్ల రోజూ బడికి వస్తోందని, లెక్కల్లో చురుకని పంతులు చెప్పాడు. ఒకనాడు డబ్బాతో వెళ్లేసరికి తలుపుకు తాళం ఉంది. తల్లిదండ్రులు వచ్చి ముగ్గురినీ పనుల జాగాకే తీసుకుపోయారని పక్కింటావిడ చెప్పింది. నీళ్లు ఆవిడ బిందెలో పోసి వచ్చాను.

ఇప్పుడు ఆ ఊరికి తారురోడ్డు పడింది, ఇంటింటికీ నల్లా వచ్చింది, డబ్బా పట్టుకుని బడి మానే పిల్ల ఒక్కతీ కనిపించదు. సంతోషమే. కాకపోతే అవన్నీ వచ్చేదాకా ఆ పిల్ల బాల్యం ఆగలేదు. అటు కిరాయి తగిలినప్పుడు చూస్తుంటాను, వాళ్ల ఇంటి ముందూ ఒక నల్లా పాతారు. ఇంట్లో ఎవరూ లేరని దానికి మూత బిగించారు.