చెన్నూరులో పులియని వారం

మా అల్లుడి ఇంట్లో యూదుల పండుగలు చేస్తున్నారని చొప్పదండిలో మా చర్చి సంఘమంతా చెప్పుకుంది. వెళ్లి చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. నేను వెళ్లి, వారం ఉండి వచ్చాను. అడిగినవాళ్లకు ఒక్కొక్కరికి కూచుని చెప్పే ఓపిక లేక రాస్తున్నాను. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

వెళ్లిన పని ఇదీ. మా చిన్నకూతురు సుగుణ, అల్లుడు అబ్రహాం చెన్నూరులో ఉంటారు. అల్లుడిది దర్జీ పని. రెండేళ్లుగా వాళ్లు ఈస్టరుకు మా చర్చికి రావడం లేదు. ఈస్టరు ఆదివారం వేరే సహవాసంతో పండుగ చేసినవాళ్ల పేరు సంఘంలోంచి తీసేయాలని మా దగ్గర కట్టుబాటు. పేరు పోతే సమాధుల తోటలో జాగా కూడా పోతుంది. మా ఆయన అక్కడే ఉన్నాడు. పక్కన నాకు, ఆ వరుసలోనే పిల్లలకు జాగా ఉంచుకున్నాం.

"రెండేండ్లు నీ మొఖం చూసి ఊకున్నమమ్మా. ఈ ఈస్టరుకన్న తీస్కరా. లేకుంటె పేరు కొట్టేసుడే" అన్నాడు సంఘ పెద్ద. ఆ కట్టుబాటు పెట్టిన రోజు సరేనన్నవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే తీసుకొస్తానన్నాను. గురువారానికల్లా వాళ్లను వెంటబెట్టుకుని వచ్చేయాలని, ఈస్టరు ముందు సోమవారం బయలుదేరాను.

పొద్దున ఆరింటి బస్సుకు కరీంనగర్. బస్టాండు బయట బేకరీలో మనవరాలి కోసం ఒక పెద్ద డబల్ రొట్టె కొన్నాను. నేను మామూలుగా అలాంటివి కొనను. అక్కడి నుంచి పెద్దపల్లికి ఇంకో బస్సు, పెద్దపల్లిలో మంచిర్యాలకు ప్యాసింజర్ బండి. బండి గంట ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద జొన్నరొట్టె, పల్లికారం విప్పుకుని తిన్నాను. స్టేషన్‌లో అమ్మే పూరీలు నూనె ఓడుతున్నాయి, ధర కూడా ఎక్కువ. వెళ్లేవాళ్లు సద్ది కట్టుకుని వెళ్లడం మేలు.

రామగుండం దాటాక గోదావరి వంతెన వచ్చింది. పెట్టెలో అందరూ లేచి కిటికీల్లోంచి పైసలు వేశారు. ఎదురుగా మిరపకాయల బస్తా మీద కూచున్నామె నన్ను చూసి నవ్వింది.

"పైస ఎయ్యవా పెద్దవ్వా? గోదారి తల్లి చూస్తంది."

"చూడనీ బిడ్డా. నా పైస తీస్కొని ఆమె ఏం చేస్కుంటది?"

"గట్లనే పైసలన్ని పట్టుకొని పోతవా మీదికి?"

పెట్టెంతా నవ్వింది. నేను కిటికీలోంచి కిందికి చూశాను. వేసవి కదా, నీళ్లు ఒక పక్కకే ఉన్నాయి. వాళ్ల పైసలు చాలామటుకు ఇసుకలోనే పడ్డాయి.

మంచిర్యాలలో దిగితే బస్టాండుకు కాస్త నడక. చెన్నూరు బస్సు నిండుగా వచ్చింది, సగం దారి నిలబడే ఉన్నాను. ఇల్లు చేరేసరికి రెండు దాటింది. సుగుణ కొంగు బిగించి, గడప కడుగుతోంది. కాళ్లకు నీళ్లిచ్చి, నా చేతిలో సంచి చూసి ఆగిపోయింది.

"గండ్ల ఏముందవ్వా?"

"డబల్ రొట్టె. రూతుకు."

"అయ్యో! గది లోపటికి తేకు. ఇయ్యాల పొద్దుగూకితె పస్కా. ఇంట్ల పులిసింది రవ్వంత ఉండొద్దు."

అప్పుడు చూశాను. పీటలు, చాటలు, రొట్టెల పెనం, అన్నీ తోమి ఎండలో బోర్లించి ఉన్నాయి. అంబలి కుండను కూడా కడిగి గోడవారన పెట్టేశారు. ఇశ్రాయేలీయులు పిండి పులిసేదాకా ఆగకుండా ఐగుప్తు విడిచి బయలుదేరిన గుర్తుకు, వారం రోజులు ఇంట్లో పులిసిన పిండి ఉండకూడదట. ఉన్నది సాయంత్రంలోగా తినేయాలి, లేదా పారేయాలి.

"పారేసుడు నాతోని గాదు" అని నేను అరుగు మీదే కూచున్నాను. కూతురి ఇంటికొచ్చి గడప బయట కూచోవడం ఇదే మొదలు. కోపం రాలేదని రాయను.

సుగుణ లోపలికి వెళ్లి రెండు గ్లాసుల చాయతో వచ్చింది. నా పక్కన కూచుని రొట్టె విప్పింది. రూతు బడి నుంచి రాగానే ముగ్గురం చాయలో అద్దుకుని మొత్తం తిన్నాం. పక్కింటామె తొంగిచూసి, "ఏందే సుగుణా, మీ అవ్వను బయట కూసోబెట్టి మేపుతున్నవ్?" అంది. "మా అవ్వ తెచ్చిన ముల్లె గసోంటిది వదినా" అంది సుగుణ. తర్వాత నా చీర ఒడి దులిపి, రాలిన పొడంతా ఊడ్చి కోళ్లకు వేసింది. అప్పుడు లోపలికి వెళ్లాను. ఆ ఇళ్లకు పస్కా నాడు ఎవరైనా వెళ్తే జామపండ్లు పట్టుకెళ్లండి. బేకరీ సరుకు వద్దు.

పస్కా భోజనం సాయంత్రం ఏడింటికి, ఎల్లయ్య మగ్గాల కొట్టంలో. ఎల్లయ్య నేతపని చేసే పెద్దమనిషి, వాళ్ల సహవాసానికి ఆయనే పెద్ద. మగ్గాల మధ్య చాపలు పరిచారు. వచ్చినవి ఎనిమిది ఇళ్లు. ఒక పళ్లెంలో గొర్రె ఎముక, వేపచిగురు, ఉప్పునీళ్లు, బెల్లం పల్లీలు దంచిన ముద్ద. నల్లద్రాక్ష మరిగించిన రసం గ్లాసుల్లో. రొట్టెలు గోధుమవి, పొంగకుండా కాల్చినవి.

"గీ రొట్టె మనం రోజు తినేదే గదా. పండుగ ఏమున్నట్టు?" అని అడిగాను.

"రోజు తింటం అక్కా, ఎందుకో యాదికుండది. ఇయ్యాల యాది చేస్కొని తింటం" అన్నాడు ఎల్లయ్య.

చిన్నపిల్ల ప్రశ్న అడగాలి, పెద్దలు చెప్పాలి, అదీ పద్ధతి. రూతు లేచి, ఈ రాత్రి మిగతా రాత్రుల్లాంటిది ఎందుకు కాదని అడిగింది. ఎల్లయ్య ఐగుప్తు సంగతి, ద్వారబంధాల మీద రక్తం సంగతి, చివరికి సిలువ సంగతి చెప్పాడు. యేసయ్యను వాళ్లు యేషువా అంటారు. నేను చెవి పెట్టి విన్నాను. చెప్పింది మన బైబిలులో లేనిదేమీ కాదు. వేపచిగురు నమిలేటప్పుడు అల్లుడి మొహం చూసి రూతు పకపక నవ్వింది. ఎవరూ కోప్పడలేదు. మా చర్చిలో అయితే చెవి మెలిపెట్టేవాళ్లు.

మర్నాడు ఎండకు నా నోరు ఎండిపోయింది. "అంబలి లేకుంట మనిషి బతుకుడెట్ల?" అన్నాను.

"వారం మజ్జిగతోని నడిపిద్దాం అత్తమ్మా" అన్నాడు అబ్రహాం.

"మజ్జిగ పులువదా అల్లుడా?"

వాడు మిషను ఆపి ఆలోచనలో పడ్డాడు. సాయంత్రం ఎల్లయ్యనే అడిగాడు. "పాలు వేరు, పిండి వేరు. అత్తను ఎండల సంపకు, తాగనియ్యి" అన్నాడాయన.

ఆ సాయంత్రమే నేను వచ్చిన పని చెప్పాను. ఈస్టరుకు రాకపోతే పేర్లు తీసేస్తారని, వాళ్ల బాపు, మా ఆయన, ఉన్న వరుసలో జాగా పోతుందని. అబ్రహాం తల వంచుకుని గుండీలు కుడుతూ ఉన్నాడు. సుగుణే మాట్లాడింది.

"ఎరుకనే అవ్వా. గా ఆదివారమే మాకు ప్రథమ ఫలాల పండుగ. ప్రభువు లేసిన దినమని మేం గూడ గప్పుడే చేస్తం. ఇడిసిపెట్టి రాలేం."

"మరి బాపు?"

ఆయన సమాధికి ఏటా సున్నం వేసేది సుగుణే. ఈ రెండేళ్లూ ఈస్టరు అయ్యాక ఒక్కతే వచ్చి వేసిపోయింది.

"జాగ పోతె పోనీ. పేరు తీసినంక గూడ సున్నం ఎయ్యనిస్తరా? గదొక్కటి అడుగు" అంది.

అడుగుతానన్నాను.

గురువారం పొద్దున సంచి సర్దుకున్నాను, మళ్లీ విప్పాను. సగం చూసి వెళ్తే సంఘం ముందు సగం సాక్ష్యమే చెప్పాలి. అది నాకు అలవాటు లేదు. శుభశుక్రవారం నాడు ఒక్కదాన్నే మూల కూచుని బైబిలు చదువుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆ రోజు చర్చిలో లేకపోవడం అదే మొదలు.

ఆదివారం తెల్లవారగానే అందరూ గోదావరి ఒడ్డున చేనులో చేరారు. ఎవరి రాబడిలో మొదటిది వాళ్లు తెచ్చారు. జొన్నకంకులు, మామిడికాయలు, ఒకామె తన కోడిపెట్ట మొదటిసారి పెట్టిన గుడ్డు. ఎల్లయ్య మగ్గానికి కొత్తగా ఎక్కించిన నూలుతో మొదట నేసి కోసిన తువ్వాల తెచ్చాడు. ఒక రైతుకు అది నచ్చలేదు.

"బట్ట పంట ఎట్లయితదే? భూమిల మొలిసిందే దేవునికి."

"పత్తి నీ నెత్తిమీద మొలుస్తదా?" అన్నాడు ఎల్లయ్య. అందరూ నవ్వారు. కంకులతో పాటు తువ్వాలనూ పైకెత్తి ఊపారు. ప్రభువు లేచాడని పాట ఎత్తుకుంటే, రాగం నాకు తెలిసిందే కాబట్టి నేనూ పాడాను.

సోమవారం తిరుగుప్రయాణం. సుగుణ బస్సు దాకా వచ్చింది, ఏడవలేదు. నేనూ ఏడవలేదు. మంచిర్యాలలో బండి వేళకే దొరికింది. చూసింది చూసినట్టు చెప్పాలంటే, వాళ్లు యూదులు కాలేదు. పండుగల పేర్లు, తిథులు వేరు. రొట్టె విషయంలో పట్టుదల మరీ ఎక్కువని నా అభిప్రాయం. ప్రార్థన మనకన్నా పొడుగు, చందా పట్టడం మనకన్నా తక్కువ. పిల్లలు మాట్లాడతారు. ఇంతకు మించి నేను ఏమీ చూడలేదు.

చొప్పదండిలో దిగేసరికి పొద్దు వాలింది. ఇంటికి వెళ్లకుండా సంచితోనే సంఘ పెద్ద ఇంటికి వెళ్లాను. ఆయన అరుగు మీదే ఉన్నాడు.

"బిడ్డ రాలేదా?"

"రాలే. పేర్లు కొట్టేసేదుంటె కొట్టెయ్. సుగుణది, అబ్రహాముది, రూతుది. నాది గూడ."

"నీదెందుకమ్మా?"

"ఈస్టరునాడు నేనేడ ఉన్న? వాళ్లతోని కంకులు ఊపిన, పాట పాడిన. కట్టుబాటు నాకొక తీరు, నా బిడ్డకొక తీరు ఉంటదా?"

ఆయన కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. పేర్ల మాట కమిటీలో చూద్దామన్నాడు. లోపలికి వచ్చి కూచోమన్నాడు.

"కూసుంట. ముందుగాల ఒక్కటి చెప్పు. పేరున్నా లేకున్నా, నా బిడ్డ వాళ్ల బాపుకు సున్నం ఎయ్యడానికి రావచ్చునా?"

"గదేం మాటమ్మా? ఎప్పుడన్న రావచ్చు" అన్నాడు.

అప్పుడు సంచి దించి కూచున్నాను.