పోటుకీ పోటుకీ మధ్య

కుమాసీ నగరంలో బంతామా వీధి మొత్తం కొనాదు నోటికి జడుస్తుంది. ఆ నోరే తన కుడిచేతిని తినేసిందని ఆమె నమ్మకం.

పదహారేళ్లు ఆమె, మొగుడు న్యార్కో కలిసి ఫుఫు అనే ముద్ద దంచి అమ్మారు. ఉడికించిన కర్రపెండలం, అరటికాయ రోట్లో వేసి అతను నిలబడి రోకలి వేసేవాడు. ఆమె పీట మీద కూర్చుని, పోటుకీ పోటుకీ మధ్య తడిచెయ్యి పెట్టి ముద్దను తిప్పేది. ఇద్దరూ రోలు వంక చూసేవాళ్లే కాదు. ఒకరోజు, పులుసు ఊరికే ఇంకో గరిటె వెయ్యమన్నవాణ్ణి దులిపెయ్యబోయి, చెయ్యి తియ్యడం ఒక్క క్షణం ఆలస్యం చేసింది. వేళ్లు నలిగాయి, చీము పట్టింది, చివరికి మణికట్టు పైదాకా తీసేశారు.

“తప్పు నాది” అని ఆమె అంటే, “రోకలి నాది” అని అతనంటాడు. ఆ రోజునుంచి అతను రోకలి ముట్టలేదు. కలప అడితిలో దుంగలు మోస్తున్నాడు. ఇంట్లో ఇప్పుడు పొట్లంలో వచ్చే పొడి కలిపిన ఫుఫు. అది ఆమెకు గొంతు దిగదు. చెయ్యి పోయిన దిగులుకన్నా ఆ చప్పుడు పోయిన దిగులే ఆమెకు ఎక్కువ. పక్కింట్లో ఎవరైనా దంచుతుంటే చేస్తున్న పని వదిలేసి వింటుంది. లేని వేళ్లకు వెచ్చగా ముద్ద తగులుతుంది. పిచ్చనుకుంటారని ఎవరికీ చెప్పలేదు.

కండ బిగిస్తే అందులో సన్నగా కరెంటు పుడుతుందట. ఆ కరెంటుతో వేళ్లు ముడిచే మరచెయ్యి ఒకటి ఆస్పత్రికి వచ్చింది. మిగిలిన కండలో ఆ మాత్రం బలం ఉందో లేదో ముందు కొలవాలి. రెండుసార్లు కొలిచారు, చాల్లేదు. ఇది మూడోసారి. డుఫీ అనే ఆస్పత్రి పిల్ల ఆమె మోచేతి కింద తీగలున్న పట్టీలు అంటించి, కొలిచే మిషను తెర తనవైపు తిప్పుకుంది.

“పిడికిలి బిగించమ్మా.”

“ఏ పిడికిలి తల్లీ? మీరే కోసి పారేసి ఎనిమిది నెలలైంది.”

డుఫీ నవ్వింది. తెరమీద గీత మాత్రం కదల్లేదు. కొనాదు పళ్లు బిగబట్టింది, భుజం ఎగదోసింది, చెమటలు కక్కింది. గీత కాస్త వణికి పడుకుంది.

“దీనికి మూడింతలు లేవాలమ్మా. ఈసారీ రాకపోతే చెయ్యి వరసలో తర్వాతవాళ్లకి వెళ్లిపోతుంది. నా చేతుల్లో లేదు.”

కొనాదు తలుపు దగ్గర తలొంచుకుని కూర్చున్న మొగుడివైపు చూసింది.

“ఏమయ్యా, దంచు.”

“ఏంటే?”

“దంచమంటున్నా. రోకలి లేకపోతే మడమతో దంచు.”

“నా వల్ల కాదే.”

“ఎనిమిది నెలల్నించి పక్కింటోళ్ల చప్పుడు వింటూ బతుకుతున్నా. నాకు నీది కావాలయ్యా. నీదే కావాలి.”

న్యార్కో లేచాడు. లేని రోకలిని రెండు చేతులా పట్టుకుని గచ్చుమీద మడమ వేశాడు. ధమ్. మళ్లీ ధమ్.

కొనాదు కళ్లు మూసుకుంది. గీత ఒక్కసారిగా లేచింది.

“పోటు పడ్డప్పుడు కాదు, పోటుకీ పోటుకీ మధ్య లేస్తోంది!” డుఫీ కుర్చీలోంచి లేచిపోయింది. “గుర్తు దాటిందమ్మా! చాలు, చాలు, చెయ్యి నీదే!”

న్యార్కో మడమ ఆగిపోయింది. చొక్కాలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

“ఎందుకాపావ్?” కొనాదు కళ్లు తెరవకుండానే కసిరింది. “ముద్ద సగంలో ఉంది. ఉండలు కడుతుంది, కానియ్యి.”

అతను కళ్లయినా తుడుచుకోకుండా మడమ ఎత్తాడు.